కంచుమర్తి కోట వెనక గుమ్మం

ప్రేమావతి లైనులో నిలబడగా నర్సీపట్నంలో చూసినవాళ్లు లేరు. కిరసనాయిలు డిపోకు మొగుణ్ని పంపేది. ఓటు వెయ్యడానికి మధ్యాహ్నం రెండు గంటలకు, స్కూలు వరండాలో పోలీసు తప్ప మనిషి లేనప్పుడు వెళ్లేది. చర్చిలో ప్రభువు బల్ల నాడు కూడా అందరూ రొట్టె తీసుకుని వెనక్కి వచ్చి కూర్చున్నాక ఆఖరి మనిషిగా లేచేది. అబీద్ సెంటర్ వెనక వీధిలో ఆమె జాకెట్లు, గౌన్లు కుట్టేది. పక్కనే ఆమె భర్త సత్యప్రకాష్ టీవీలు, రేడియోలు బాగుచేసే కొట్టు. "మా ఆవిడకి ఓపిక తక్కువండి" అని అతను వచ్చినవాళ్లతో నవ్వుతూ చెప్పేవాడు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది.

ఓపిక తక్కువై కాదు, భయం వల్ల. పదకొండేళ్లప్పుడు యలమంచిలిలో పిన్నిగారింటికి వెళ్లి, పెద్దవాళ్లకు చెప్పకుండా పక్కింటి ఆడపిల్లలతో మ్యాట్నీకి పోయింది. ఆడవాళ్ల టిక్కెట్ల కోసం ఆ హాల్లో రెండు గోడల మధ్య మనిషి పట్టేంత సందు ఒకటి ఉండేది. పైన రేకు, చివర చెయ్యి దూరేంత కన్నం. కన్నం తలుపు తీసిన చప్పుడు వినగానే వెనకవాళ్లు తోశారు. ప్రేమావతి పాదాలు నేలమీంచి లేచిపోయాయి. అరుద్దామంటే లోపల గాలి లేదు. ఆమె ముందున్న ఆకుపచ్చ చీర ఆవిడ మెడ మెల్లగా పక్కకు వాలిపోయింది. మెడ వాలిందే గాని మనిషి పడలేదు. పడడానికి చోటేదీ? ఆ మెడమీద చెమట, నల్లపూసల తాడు ముడి, ప్రేమావతి కళ్లకు బెత్తెడు దూరంలో ఎంతసేపో అలాగే ఉండిపోయాయి. తరవాత ఎవరో పైన రేకు పీకి పిల్లల్ని లాగారు. ఆవిడ బతికిందో లేదో ప్రేమావతికి తెలియలేదు. అడిగితే సినిమా సంగతి బయటపడుతుందని ఎవరినీ అడగనూ లేదు. పెళ్లయి పదమూడేళ్లయినా భర్తకు చెప్పలేదు.

అలాంటి మనిషి దగ్గరకు వచ్చి, తొంభై తొమ్మిదో సంవత్సరం వర్షాకాలంలో, అత్తగారు దేవుడమ్మ ఒక కోరిక కోరింది.

"ప్రేమా, నాకు కోట సూడాలనుందే."

తుని దాటి లోపలికి పోతే కంచుమర్తి కోట వస్తుంది. దేవుడమ్మ తల్లి మిషను వాళ్ల దగ్గర చదువుకున్న మనిషి. చిన్న వయసులోనే, కడుపుతో ఉండగా మొగుడు పోతే ఆ కోటలో రాజావారి పిల్లలకు ఆయాగా కుదిరింది. కోట వెనక ఆయాల లైనులో మూడో గదిలో దేవుడమ్మ పుట్టింది, పదేళ్లు అక్కడే పెరిగింది. ఇప్పుడు ఆమెకు అరవై ఎనిమిది. కుడికన్ను పోయింది. ఎడమకన్ను కూడా ఆట్టే రోజులు ఉండదని విశాఖపట్నంలో కళ్ల డాక్టరు చెప్పేశాడు.

"ఆ గది ఉందో పోయిందో. ఉంటే, చూపున్నప్పుడే ఒకసారి సూసీసొస్తాను."

కోరిక చిన్నదే. చిక్కల్లా కోట ఏడాదిలో నాలుగు రోజులే తెరుస్తారు, దసరాకు. మూడేళ్ల కిందట వారసులు జనానికి చూపించడం మొదలుపెట్టారు. అందులో ఏదో సినిమా తీశాక ఇక చెప్పక్కర్లేదు. లారీలు మాట్లాడుకుని మరీ వెళ్తున్నారు. ప్రేమావతి కూతురు తొమ్మిదేళ్ల జెన్నీ అయితే అద్దాల మేడ, అద్దాల మేడ అని నెల రోజుల ముందునుంచే ఇల్లు పీకి పందిరేసింది.

ప్రేమావతి కాదనలేకపోయింది. అవుననడానికి మాత్రం భయం. ఆ రోజునుంచి కొలతలు రాసుకునే పుస్తకం వెనక అట్టమీద కోట సంగతులు రాయడం మొదలుపెట్టింది. కొట్టుకు వచ్చినవాళ్లలో కిందటేడు వెళ్లొచ్చిన ప్రతివాళ్లనూ పట్టుకుని అడిగేది. గేటు ఎన్నింటికి తీస్తారు? లైను ఎక్కడిదాకా ఉంటుంది? ఆడవాళ్లకు వేరే ఉందా? ఇనప కమ్మీలున్నాయా? కమ్మీల మధ్య ఎంత వెడల్పు? ఆ ఆఖరి ప్రశ్నకు మనుషులు వింతగా చూసేవారు. నాతవరం నుంచి వచ్చే ఒకావిడ, "మాం పొద్దున్నే ఆరింటికెల్తే పదకొండుకి లోపలికెల్లినాం. ఊపిరాడలేదనుకో" అంది తేలిగ్గా. ఆ పూట ప్రేమావతి ఒక జాకెట్టు చేతులు తిరగేసి కుట్టింది.

మొదటి రోజు అయితే జనం తక్కువ అని తేల్చుకుంది. తెల్లవారే బస్సుకు వెళ్లాలి. వాన పడితే మరీ మంచిది. ఇన్ని అనుకున్నా కళ్లు మూస్తే ఆ రేకు, ఆ గోడలు, ఆ మెడ. చిక్కిపోయింది.

అప్పుడు గున్నమ్మ వచ్చింది. కృష్ణదేవిపేట నుంచి షేర్ ఆటోలో వచ్చి పదేళ్లుగా ఆమె దగ్గరే జాకెట్లు కుట్టించుకునే మనిషి. ప్రేమావతి మొహం చూసి, సంగతి కనుక్కుని, పకపకా నవ్వింది.

"ఏటి, దీనికా ఇంత బెంగ? మా తమ్ముడు సింగన్న ఆ కోటలోనే గదా కావలి ఉంటాడు! వెనక్కాల గుర్రాల సావిడి గుమ్మం వాడిదే. లైనూ లేదు గీనూ లేదు. నాను సెప్తాను, నిన్నూ మీ అత్తగారినీ గుంటనీ లోపలికి ఒగ్గీమని."

ప్రేమావతికి గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఆ రాత్రి సుఖంగా నిద్రపోయింది.

అనుకున్నట్టే మొదటి రోజున, అనుకున్న బస్సుకే వెళ్లారు. కంచుమర్తిలో దిగేసరికి ఎనిమిదిన్నర. వాన లేదు. కోట గేటు దగ్గర మొదలైన లైను కందకం వంతెన దాటి, సంత దిబ్బ చుట్టూ తిరిగి, బస్సులు ఆగే చోటుదాకా వచ్చింది. మొదటి రోజు జనం తక్కువని అందరికీ తెలిసిపోయినట్టుంది. ఆ లైను పక్కనుంచి నడుస్తూంటే ప్రేమావతి జెన్నీ చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, పిల్ల "అమ్మా, నొప్పి" అంది.

సింగన్న నలభై ఏళ్ల పలచటి మనిషి. ఖాకీ చొక్కా, మొహంలో బెదురు. గుమ్మం బెత్తెడు తీసి లెక్కపెట్టాడు.

"మా అప్ప ఆడోళ్లనే సెప్పింది. మీరు బైట ఉండిపోండి బాబూ. మేనేజరుగారు సూత్తే నా పని అయిపోద్ది" అన్నాడు సత్యప్రకాష్‌తో. సత్యప్రకాష్ సరేనని సంచులు తీసుకుని ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్లమీద కూర్చున్నాడు.

లోపల ఒక పెరడు. చింతాకు రాలిన నేల, ఎక్కడో ముందువైపు డప్పుల మోత, ఇక్కడ మాత్రం పిచికల అరుపులు. ఆయాల లైను ఉంది! ఏడు గదుల్లో రెండు కూలిపోయాయి గాని మూడోది నిలబడే ఉంది. అందులో షామియానా వాళ్ల ఇనప కుర్చీలు పేర్చారు. దేవుడమ్మ కుర్చీల మధ్యనుంచి తడుముకుంటూ కిటికీ దాకా వెళ్లి, దాని చెక్కమీద అరచెయ్యి పెట్టి నిలబడింది. ఏడవలేదు. "మా అమ్మ ఇక్కడ కూకుని నాకు తల దువ్వేది. బైటికి సూడకు, వొంకర పాపిడొస్తాదనేది" అంది. జెన్నీ వెళ్లి నాయనమ్మ పక్కన నిలబడి, ఆమె చూస్తున్న వైపే చూసింది.

అక్కడితో బయటికి వచ్చేస్తే అయిపోయేది. తరవాత ప్రేమావతి ఆ మాట ఎన్నిసార్లు అనుకుందో. కాని అప్పుడు టైము పదింబావు. పెరడు చల్లగా ఉంది. భయం దిగిపోయిన ఒళ్లు తేలిగ్గా ఉంది. జెన్నీ అద్దాల మేడ అని గునుస్తోంది. ప్రేమావతే అడిగింది.

"సింగన్నగారూ, పైకి వెళ్లడానికి ఇటునుంచి దారేమైనా ఉందాండీ?"

సింగన్న తల గోక్కున్నాడు. పెరటి గోడలో ఒక పాత తలుపు చూపించాడు. దాని అవతల ఉన్నవి, చూసినవాళ్లు మేడ దిగివచ్చే మెట్లు. మెట్ల కింద ఇటు ఈ తలుపు, అటు నడవ. నడవలోంచి తూర్పు గేటుకు పోయి జనం బయటపడతారు.

"ఇంకా దిగీవోళ్లు పలచగానే ఉన్నారు. బేగి ఎల్లి బేగి వచ్చీండి. నాను గడి ఏసుకుంటాను. వచ్చి తలుపు కొట్టండి, తీత్తాను."

గడి పడిన చప్పుడు వెనకనుంచి వినిపించింది. ప్రేమావతి ఒక్క క్షణం ఆగింది. తరవాత మెట్లెక్కింది.

మెట్లు రెండు గోడల మధ్య ఇరుకుగా, చీకటిగా ఉన్నాయి. ముప్పై పైనే ఉంటాయి. ఎదురు దిగుతున్నవాళ్లు ఒకరిద్దరు పక్కకు తప్పుకుని దారిచ్చారు. పైన అద్దాల మేడ పిల్ల కలగన్నట్టే ఉంది. గోడలకు, స్తంభాలకు, పైకప్పుకు ముక్కముక్కలుగా అద్దాలు. జెన్నీ చెయ్యి ఊపితే వంద మంది జెన్నీలు చెయ్యి ఊపారు. దేవుడమ్మకు వెలుతురు మాత్రం తెలిసింది. "మిలమిలమంటంది" అని నవ్వింది. ఈలోగా ముందువైపు లైను మేడమీదకు చేరింది. హాలు నిండడం మొదలైంది. ప్రేమావతి మెడ వెనక చెమట పోసింది.

"పదండత్తయ్యా, వెళ్లిపోదాం."

దిగేటప్పుడు వాళ్ల ముందూ జనమే, వెనకా జనమే. దేవుడమ్మ ఒక మెట్టు కింద, జెన్నీ పక్కన. సగం మెట్లు దిగాక ముందువాళ్లు ఆగారు.

ఎందుకు ఆగారో తరవాత తెలిసింది. ఎవరో పెద్దమనుషుల కార్లు వస్తున్నాయని తూర్పు గేటు కాసేపు మూశారట. నడవ నిండిపోయింది. నడవలోంచి జనం మెట్లమీదకు ఎగదన్నారు. పైనున్న వాళ్లకు ఇదేమీ తెలియదు. అద్దాలు చూసేశాం, ఇక దిగుదాం అని దిగుతూనే ఉన్నారు.

మిగతావాళ్లు ఇంకా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎవరో పకోడీల పొట్లం విప్పారు. ప్రేమావతికి మాత్రం ముందే తెలిసిపోయింది. అత్తగారి వీపుకూ తన పొట్టకూ మధ్య ఉన్న జానెడు ఖాళీ బెత్తెడైంది. బెత్తెడు పోయింది. వెనకనుంచి ఎవరిదో మోకాలు ఆమె నడుముకు ఆనింది. ఆనిన మోకాలు మళ్లీ తియ్యలేదు.

"తొయ్యకండి" అన్నారెవరో. "మాం తొయ్యట్లేదు, పైనోళ్లు తోస్తన్నారు" అన్నారింకెవరో. పకోడీల పొట్లం ఆవిడ ఒక్కసారిగా మాట మానేసింది. ఒక పసిపిల్ల కెవ్వుమంది. గోడమీది సున్నం ప్రేమావతి చెంపకు రాసుకుంది. ఆమె పదకొండేళ్ల పిల్లయిపోయింది. చూడకూడదనుకుంటూనే తన ముందున్న మెడకేసి చూసింది. అది దేవుడమ్మ మెడ. తెల్లవెంట్రుకల ముడి, దాని కింద వణుకుతున్న ఎముక.

"అమ్మా" అంది జెన్నీ. చిన్న గొంతు. గాలి చాలని గొంతు.

ఆ గొంతు ఆమెను లేపింది. యలమంచిలి సందులో తనను బతికించింది పైనుంచి లాగిన చెయ్యి. ఎంత కిందికి ఉంటే అంత చావు. పక్కన తలపాగా చుట్టుకున్న రైతు ఒకాయన ఉన్నాడు, పొడగరి. "బాబూ, పిల్లని ఎత్తండి! మీ బుజాలమీదికి!" అంది. ఆయన మారుమాట్లాడకుండా జెన్నీ చంకల్లో చేతులు వేసి పైకి లాగాడు. పిల్ల చెప్పు ఒకటి ఊడి కిందపడింది. జెన్నీ ఆయన తలపాగా పట్టుకుని పైకప్పుకు తల ఆనించి బిగుసుకుపోయింది.

"అత్తయ్యా, చేతులు కట్టుకోండి. రొమ్ముకి అడ్డంగా. ఊపిరికి చోటుంచుకోండి."

దేవుడమ్మ చేతులు కట్టుకుంది. "ఎడమచేతి పక్కన పాల గదిలోకి తలుపుండాలే. మాం పిల్లలం అందులోంచి దూరీవోళ్లం" అని ఎగశ్వాసతో గొణిగింది. ప్రేమావతి ఎడమ గోడ తడిమింది. మెట్టు పైదాకా, చెయ్యి అందినంత కిందిదాకా తడిమింది. సున్నం, రాయి. ఎప్పుడో పూడ్చేసి ఉంటారు. తలుపు లేదు.

కింద తలుపొకటి ఉంది. అది పెరట్లోకి తెరుచుకుంటుందని, దాని అవతల ఒక మనిషి ఉన్నాడని ఈ మెట్లమీద తెలిసింది వాళ్ల ముగ్గురికే. కిందివాళ్లు దాన్ని మూసేసిన తలుపనుకుని దానికి వీపులానించి నలుగుతున్నారు.

"సింగన్నా!" అని అరిచింది. గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. బయట డప్పులు. మళ్లీ అరవబోయింది, రొమ్ము విచ్చుకోలేదు. అప్పుడు రైతుకేసి తల తిప్పి, ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి కూడగట్టుకుని చెప్పింది.

"కింద... తలుపు... బయట కావలాయన ఉన్నాడు. పేరు సింగన్న. కొట్టమనండి. పిలవమనండి."

ఆయనది కొండకు వినిపించే గొంతు. "కిందోళ్లూ! ఆ తలుపు బాదండి! సింగన్నా అని కేకెయ్యండి! పైనోళ్లూ, ఒక్క అడుగు కూడా దిగకండి, మనుసులు సచ్చిపోతన్నారిక్కడ!"

ఆ మాట కిందికొకటి, పైకొకటి నోటినుంచి నోటికి పాకింది. పైవాళ్లు కొందరు ఆగారు, కొందరు వినలేదు. కింద మాత్రం ఒక ఆడగొంతు "సింగన్నా" అంది. ఇంకొకటి అందుకుంది. తరవాత మెట్లన్నీ అందుకున్నాయి. ఆ మనిషి ఎవరో, నల్లనో తెల్లనో తెలియనివాళ్లు వందమంది, "సింగన్నా, సింగన్నో, తలుపు తియ్యి బాబూ" అని ఏడుస్తూ పిలిచారు. దేవుడమ్మ కిందికి జారిపోసాగింది. ప్రేమావతి ఆమె నడుం చుట్టూ చేతులు వేసి, తనకున్న బలమంతా పెట్టి పైకి ఎత్తి పట్టుకుంది. కళ్లముందు నల్లటి చుక్కలు తిరిగాయి. తలుపు తియ్యలేదు. ఇంకా తియ్యలేదు. ఇక తియ్యడనుకుంది.

గడి లాగిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. వెలుతురు మాత్రం కనపడింది. కిందివాళ్లు పెరట్లోకి బస్తాల్లా పడ్డారు. వాళ్లమీంచి, పక్కలనుంచి మిగతావాళ్లు. బిగువు సడలి సడలి, ప్రేమావతి పాదాలకు మెట్టు తగిలింది.

ఎవరూ చనిపోలేదు. ఒక ముసలాయనకు పక్కటెముకలు విరిగాయి. ఇద్దరు ఆడవాళ్లు తెలివితప్పి, నీళ్లు జల్లాక లేచారు. దేవుడమ్మ మణికట్టు వాచింది. రైతు జెన్నీని దింపి, తలమీద చెయ్యివేసి, "గట్టి గుంట" అని, పేరైనా చెప్పకుండా తనవాళ్లను వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. సత్యప్రకాష్ సంచులు ఎక్కడ పారేశాడో, చెప్పులు లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చాడు.

సింగన్న గోడవార చతికిలబడి ఉన్నాడు. ప్రేమావతి అతని దగ్గరకు వెళ్లింది.

"పిలుపు వినపడలేదా సింగన్నగారూ?"

"ఇనపడిందమ్మా" అన్నాడతను తల ఎత్తకుండా. "మేనేజరుగారు అప్పుడే గుర్రాల సావిడికాడికొచ్చి నిలబడ్డారు. తీస్తే మీ సంగతి బైటపడతాదని... తీసేలోపల..." ఆగి, నెమ్మదిగా అన్నాడు. "ఆ తలుపు గడి ఈ నాలుగు రోజులూ తీసే ఉంచాలమ్మా. గేటుకాడ ఆగిపోతే జనం పెరట్లోకి రావాలని. మీరు పైకెల్లారని, మీ ఎనకాల ఇంకెవరూ ఇటు రాకుండా గడి ఎట్టీసినాను."

కాసేపటికి మేనేజరు వచ్చి, తలుపు ఎవడు వేశాడు, నీ పేరు ఇంతమందికి ఎలా తెలిసిందిరా అని సింగన్నను నిలదీశాడు. జనమంతా చూస్తున్నారు. ఊరుకుంటే సరిపోయేది. ఆమె ముందుకు నడిచింది.

"ఆయన్ని అడిగింది నేనండీ. లైను తప్పించుకుందామని వెనకనుంచి వచ్చాం. మా కోసమే గడి వేశాడు."

మేనేజరు ఆమెను ఎగాదిగా చూశాడు. పకోడీల ఆవిడ కూడా చూసింది. ఒక మాట అన్నా బాగుండేది.

తిరుగు బస్సులో జెన్నీ తండ్రి ఒళ్లో నిద్రపోయింది. తుని దాటాక ప్రేమావతి యలమంచిలి హాలు సంగతి భర్తకు మొదటినుంచీ చెప్పింది. ఆకుపచ్చ చీర ఆవిడ మెడ సంగతి కూడా చెప్పింది. సత్యప్రకాష్ ఒళ్లో ఉన్న పిల్ల తల సర్దాడు. "అందరి దగ్గరా ఓపిక తక్కువని నవ్వాను గదే" అన్నాడు.

సింగన్న ఉద్యోగం పోయింది. దసరా వెళ్లిన వారానికి గున్నమ్మ కొట్టుకు వచ్చింది. ప్రేమావతి మిషను ఆపి లేచి నిలబడింది. జరిగిందంతా, దాచకుండా చెప్పింది. తప్పు మీ తమ్ముడిది కాదు, నాది అంది. కోటకు ఉత్తరం కూడా రాశానని, జవాబు రాలేదని చెప్పింది.

గున్నమ్మ బల్లమీదున్న తన జాకెట్టు గుడ్డలు రెండూ, ఇంకా కత్తెర పడనివి, మడతపెట్టి సంచిలో వేసుకుంది.

"మా వోడు జీడిపిక్కల బట్టీలో కుదిరినాడులే. తిండికి లోటు లేదు" అంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఒక్కటే గాని, ఆడు రాత్రుళ్లు ఉలిక్కిపడి లెగిసిపోతన్నాడు. ఎవరో పిలిసినట్టుంటాదట. అంతమందీ ఒక్కసారే పిలిసినట్టు."

ప్రేమావతి తలుపు పట్టుకుని నిలబడింది. గున్నమ్మ వీధి మలుపు దాకా వెనక్కి తిరగకుండా నడిచి, ఆటో కోసం చెయ్యి ఎత్తింది.